ఐదు మూలల మేకు

చెరువు ఎండింది. పొద్దుగూకేలోగా కొండ దాటకపోతే గాడిదల మందకి నీళ్లు లేవు. సరిగ్గా అప్పుడే మందలోని చుక్కమ్మ కాల్లో ముల్లు దిగింది, అదీ గిట్టకి కొట్టిన ఇనుప నాడా కింద. ఊరికే వేస్తానంటే మందంతా కోతి దగ్గర వేయించుకున్న నాడాలవి.

అడవిలో అందరి ముళ్లూ తీసే గోరింక వచ్చి నోరెళ్లబెట్టింది. "ఇదేం మేకు వదినా! తలకి ఐదు మూలలా? నా ముక్కు పట్టదే!"

కోతిని పిలిచారు.

"ముందు పరీక్ష. దానికో బస్తా ఉలవలు," అంది కోతి.

"నొప్పెక్కడో నేనే చెబుతున్నాగా!"

"నువ్వు చెబితే చెల్లదమ్మా, నా పరీక్ష పుల్ల చెప్పాలి. ఆపైన కొత్త నాడాలు. విడిగా ఇవ్వం, నాలుగూ కొనాలి."

చుక్కమ్మ కాలు వెనక్కి లాక్కుంది. "ముల్లుకి నాలుగు నాడాలా! అసలిది నా కాలేనా?"

"కాలు నీదే. మేకు మాది."

మంద కదిలింది. చుక్కమ్మ కాలెత్తి బండకేసి బాదింది. నాడాతోపాటు గిట్ట అంచూ ఊడింది. గోరింక ముల్లు లాగేసింది. నెత్తురోడుతూనే చుక్కమ్మ మందని అందుకుంది.

ఆ నెత్తురు చూసి గాడిదలన్నీ ఆగిపోయాయి. ఒక్కొక్కటీ వంగి తన కాళ్లకేసి చూసుకుంది.