నాలుగో అడుగు

"వందకిస్తావా, వెళ్ళిపొమ్మంటావా?" ఎర్ర బకెట్టును కౌంటరు మీద టప్పున పెట్టి అడిగింది అత్తగారు.

బిల్లు కొట్టే పిల్ల బిత్తరపోయి, నూటఇరవై అని ఉన్న స్టిక్కర్ చూపించింది.

"ఇక్కడ బేరాలుండవత్తయ్యా," కోడలు చెవిలో గొణిగింది. "దేశంలో వీళ్ళకిది వెయ్యో కొట్టట. అన్నిట్లోనూ ఒకటే ధర."

"వెయ్యి కొట్లున్నవాడికి ఇరవై ఓ లెక్కా?" అంటూ అత్తగారు బకెట్టు వదిలేసి గుమ్మం వైపు నడిచింది. ముప్ఫై ఏళ్ళ బేరాల అనుభవం ఆమెది. నాలుగో అడుగు పడేలోగా ఎంతటి కొట్టువాడైనా వెనక్కి పిలవాల్సిందే.

నాలుగయ్యాయి. పదయ్యాయి. ఎవరూ పిలవలేదు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"పిన్నిగారూ! అలా వెళ్ళిపోతే ఎలా? రండి, రండి!"

గెలిచినట్టు తలెత్తింది. గుమ్మం దగ్గర కాపలావాడి యూనిఫాంలో వీధి చివరి గిన్నెల కొట్టాయన! కిందటేడే కొట్టు మూసేశాడు.

"ఎంతకిస్తావు?"

"ఇవ్వడానికి నేనెవర్నండీ? మీరలా వెళ్ళిపోతుంటే నోరు ఊరుకోలేదు."

అత్తగారు వెనక్కి వెళ్ళి, నూటఇరవై ఇచ్చి బకెట్టు తెచ్చుకుంది. ఇలాంటి బకెట్టుకే అతను, ఎంత పోట్లాడినా నూటయాభై కంటే కిందికి దిగేవాడు కాదు.

అతను బిల్లు చూశాడు. "చవగ్గానే వచ్చిందే!"

"ఏం చవకలే! నీ కొట్టే నయం."

"ఆ మాట కొట్టున్నప్పుడు ఒక్కసారైనా అన్నారా పిన్నిగారూ?"

"అనుంటే నువ్వు తగ్గించేవాడివా?"