పది మాటలు

"మళ్ళీ అడుగుతున్నా. తలనొప్పి ఉందా?"

"లేదు."

"కళ్ళు తిరగడం?"

"లేదు నెరిడా. ఇంతకీ నువ్వు నా డాక్టరువా, పెళ్ళానివా?"

"పెళ్ళాన్ని కాబట్టే ఇన్నిసార్లు అడుగుతున్నాను. డాక్టరైతే ఒక్కసారి అడిగి ఊరుకునేదాన్ని," అంది నెరిడా, క్లబ్బు ముందు కారు ఆపుతూ. బయట సన్నగా జల్లు పడుతోంది. ఆగస్టులో మెల్బోర్న్‌కి అంతకంటే వేరే పనేముంది!

రస్ ఓడ్జర్స్‌కి ముప్ఫై రెండేళ్ళు. చేతులతోనూ ఆడే ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో పన్నెండేళ్ళుగా ఒకే క్లబ్బుకి, ఒకే చోట, సొంత గోల్ స్తంభాల ముందు నిలబడి ఆడుతున్నాడు. అవతలి జట్టులో గోల్స్ కొట్టే మొనగాడి వీపుకి అంటుకుని తిరగడం, వాడి చేతుల్లో పడబోయే బంతిని పిడికిలితో గుద్ది అవతల పారెయ్యడం, ఇదీ అతని ఉద్యోగం. బాగా చేసినరోజు ఎవరూ అతని పేరెత్తరు. ఒక్కసారి జారితే మాత్రం మర్నాడు పేపర్లో ఫొటో వేస్తారు. నూట తొంభై తొమ్మిది మ్యాచ్‌లలో అతను కొట్టిన గోల్స్ రెండే. అందులో ఒకటి గాలివాటున పడింది.

శనివారం ఆడితే రెండు వందల మ్యాచ్‌లు పూర్తి. సీజన్‌కి అదే ఆఖరి మ్యాచ్. అతని కాంట్రాక్టూ దాంతోనే సరి.

రెండు వందలు ఆడినవాడికి ఇక్కడ ఒక మర్యాద ఉంది. అభిమానులు రంగుకాగితాలు అతికించి మేడంత తెర కట్టి, దానిమీద అతని పేరు రాస్తారు. దాన్ని చింపుకుంటూ అందరికంటే ముందు అతనే మైదానంలోకి పరిగెత్తాలి. బిడ్డలుంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళొచ్చు. పన్నెండేళ్ళలో ఎవరూ ఎత్తని పేరు ఆ ఒక్కరోజు ముప్ఫై వేలమంది ఎత్తుతారు. అతని ఆరేళ్ళ కూతురు టిల్లీ వారంరోజులుగా ఇంట్లో పాత దుప్పట్లు వేలాడదీసి, వాటిలోంచి దూసుకుపోవడం నేర్చుకుంటోంది.

అన్నీ బాగానే ఉండేవి. రెండు వారాల కిందట ఒకడి మోకాలు రస్ కణతకి తగిలింది. లేచి కూర్చున్నాక పది నిమిషాలపాటు తను ఏ ఊళ్ళో ఉన్నాడో చెప్పలేకపోయాడు.

"డాక్టర్ దగ్గర నాటకాలాడకు," అంది నెరిడా. "పరీక్ష తప్పితే తప్పావు. టిల్లీకి నేను చెప్పుకుంటాను."

"నీమీద ఒట్టు. బుర్రలో ఉన్నదంతా పెట్టి చేస్తాను."

డాక్టర్ పెట్రాకిస్ చాలాకాలంగా ఆ క్లబ్బులోనే ఉన్నాడు. రస్ విరగ్గొట్టుకున్న వేళ్ళన్నీ ఆయనే కట్టాడు.

"పద్ధతి నీకు తెలిసిందేగా," అన్నాడు. "సీజన్ మొదలవకముందు ఫిబ్రవరిలో పెట్టిన పరీక్షే ఇది. అప్పటి మార్కులకి తగ్గావా, ఆట లేదు. కాళ్ళు పట్టుకున్నా లాభం లేదు."

"మీ కాళ్ళు నాకెందుకు డాక్టర్? చదవండి."

"వంతెన, మిరియం, గొడుగు, చేప, గుమ్మం, నిచ్చెన, ఉప్పు, గడియారం, ఈక, బకెట్టు. ఇవి గుర్తుపెట్టుకో. ఈలోగా నెలల పేర్లు వెనకనుంచి చెప్పు."

"డిసెంబర్, నవంబర్, అక్టోబర్, ఆగస్టు... కాదు, సెప్టెంబర్, ఆగస్టు, జూన్..."

రస్ ఆగాడు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఆగస్టు దగ్గరే చిక్కుపడ్డాడు.

"పరవాలేదు. ఒంటికాలిమీద నిలబడు... చాలు. ఇప్పుడా పది మాటలు చెప్పు."

రస్ కళ్ళు మూసుకున్నాడు. ఆ మాటల్ని మైదానంలో ఆటగాళ్ళలా ఒక్కొక్కచోట నిలబెట్టుకున్నాడు. మధ్యలో వంతెన. కుడిపక్కన గొడుగు. ఎడమపక్కన చేప. దూరంగా అవతలి గోల్ ముందు ఉప్పు. ఇవతల, తను రోజూ నిలబడే చోట కూడా ఏదో మాటని పెట్టాడు. అదేమిటో ఎంతకీ తట్టలేదు. నుదుటిమీద చెమట పట్టింది. ఎంత వెతికినా అక్కడ వట్టి గడ్డే కనిపిస్తోంది.

"నాలుగే," అన్నాడు చివరికి.

డాక్టర్ పాత కాగితం తీసి కొత్తదాని పక్కన పెట్టాడు. ఒక్కో వరుస మీదా వేలు పెట్టి చూస్తున్నాడు. రస్ ఆ వేలినే చూస్తూ కూర్చున్నాడు.

"శనివారం ఆడుకో పో!" అన్నాడు డాక్టర్. "అప్పుడెన్నో ఇప్పుడూ అన్నే."

రస్ లేవలేదు. "ఒక్క మార్కు కూడా తేడా లేదా?"

"లేదంటే నమ్మవేం? ఏటా నీ మార్కులు ఇంతేగా. నీ జ్ఞాపకం మొదట్నుంచీ అంతంతమాత్రం. కాళ్ళతో నెట్టుకొస్తున్నావు," అని నవ్వాడు డాక్టర్.

"ఇంకోసారి చేద్దామా?"

"పాసైనవాడు మళ్ళీ పరీక్ష పెట్టమనడం ఇప్పుడే చూస్తున్నాను! నడు నడు."

రస్ గుమ్మం దగ్గర ఆగి ఏదో చెప్పబోయాడు. డాక్టర్ అప్పటికే కాగితం మీద సంతకం పెట్టేస్తున్నాడు. చెప్పకుండానే ఆ కాగితం అందుకుని బయటికొచ్చాడు.

అతని చేతిలోని కాగితం చూడగానే నెరిడా జల్లులోకి ఉరికింది. మెడచుట్టూ చేతులు వేసి, ఆ చేత్తోనే ఇంటికి ఫోన్ కలిపింది. "టిల్లీ! నాన్న ఆడుతున్నాడే!" అవతల టిల్లీ పెట్టిన కేక రస్‌కి స్పష్టంగా వినిపించింది.

కారెక్కాక చూసింది నెరిడా. రస్ రెండు అరచేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఇన్నేళ్ళలో అతను అలా ఏడవగా ఆమె ఎన్నడూ చూడలేదు.

"పిచ్చి మొగుడా, ఎందుకయ్యా ఈ ఏడుపు?" అని నవ్వుతూ వీపు నిమిరింది. ఆమె కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. "ఫిబ్రవరిలో ఎలా ఉన్నావో ఇప్పుడూ అలాగే ఉన్నావుగా!"

ఏటా లాగే, రేపు దెబ్బ తగిలినా ఆట పోకూడదని, ఫిబ్రవరిలో రస్ కావాలనే తప్పులు చెప్పాడు.