బొటనవేలంత రాక్షసి

“పిన్నిగారూ, దీని పళ్ళేంటండీ ఇంత పచ్చగా ఉన్నాయి?”

మెట్లెక్కిన ఆయాసం తీరకముందే అడిగేశాడు లిఫ్టు మెకానిక్. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసేవాడికి ఈ ఇంటికి మాత్రం మూడంతస్తులూ మెట్లే దిక్కు. అయినా ఏ శనివారమూ మానలేదు.

“రాక్షసులు పళ్ళు తోముకుంటాయా ఏంటి? టీ మీద టీ తాగేవాడి పళ్ళ రంగు అది,” అంది పిన్నిగారు, భూతద్దంలోంచి తల ఎత్తకుండా.

కట్టుడు పళ్ళు తయారుచేసే చోట ముప్పయ్యేళ్ళు రంగులు కలిపిన మనిషి. తెలుపులోనే పదహారు రకాలు చెప్పగలదు. ఇప్పుడావిడ ఎదుట రంగులేయడానికి సీసా మూతకు అంటించిన చిత్తడి రాక్షసి బొమ్మ ఉంది. బొటనవేలంత ఉంటుంది, నోరు మాత్రం ఒళ్ళంతా.

ఆట ఇదీ. బల్ల చుట్టూ నలుగురు వీరులు కూర్చుంటారు: ఓ నర్సు, లెక్కల మాస్టారు, బస్సు డ్రైవరు, టైలరు. ఐదోవాడు కథ చెబుతూ వాళ్ళ మీదికి రాక్షసుల్ని వదులుతాడు. పాచికలు వేసి పోరాడాలి. బల్ల మెకానిక్‌ది, కథా అతనిదే. రాక్షసులు మాత్రం పిన్నిగారి చేతిమీదుగా రావాల్సిందే.

“పోయిన వారం ఏమైంది? నర్సు బతికి బయటపడిందా?”

“బొటాబొటిగా! మీ తేలుమనిషి తోకతో ఒక్కటిచ్చిందండీ, లెక్కల మాస్టారి కత్తి ఎగిరి పాడుబావిలో పడింది. బస్సు డ్రైవరు దూకి తీశాడు.”

“మరి టైలరు?”

“ఆయన సంగతి తెలిసిందేగా. పాచిక సరిగ్గా పడకపోతే మూతి ముడుచుకుంటాడు.”

పిన్నిగారు పగలబడి నవ్వింది. ఆ నవ్వు కోసమే మెకానిక్ లిఫ్టు గుంతల్లో పనిచేస్తూ వారమంతా కబుర్లు పోగేసుకుంటాడు. పాపం, ఆవిడ ఒంటరి మనిషి. ఇంట్లో ఉన్నవే రెండు కుర్చీలు. రెండోదాని మీద బట్టల గుట్ట ఉంటుంది, శనివారం పూటే అది ఖాళీ అవుతుంది.

అతను జేబులోంచి రంగులేయని గబ్బిలాన్ని తీశాడు. “ఇదిగో, వచ్చే వారానిది.”

పిన్నిగారు కుంచె కింద పెట్టింది.

“వద్దు బాబూ. ఈ రాక్షసే ఆఖరు. చెయ్యి వణుకుతోంది. కన్ను గీస్తే పోయి ముక్కు మీద పడుతోంది.”

మెకానిక్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

“అలా అంటే ఎలాగండీ! ఆదివారం వాళ్ళొచ్చి కూర్చుంటే నేనేం చూపించను?”

“బజార్లో రంగులేసినవే దొరుకుతాయిగా.”

“అవేం రాక్షసులండీ, పిల్లలాడుకునే బొమ్మలు! పోనీ నెలకొకటి చేయండి. ముక్కు మీద కన్ను పడితే పడనివ్వండి, నేను కథ మార్చేస్తాను. పుట్టుకతోనే అంతని చెబుతాను.”

“నీ మాటలకేం గానీ, ఇక నావల్ల కాదు నాయనా.”

ఆవిడ చెయ్యి నిజంగానే వణుకుతోంది. ఇంకేం బతిమాలతాడు? గబ్బిలాన్ని మళ్ళీ జేబులో వేసుకున్నాడు. రంగులేయించుకునే బొమ్మ లేకపోతే ఈ మెట్లెక్కడానికి సాకేముంది? వచ్చే శనివారం సాయంత్రం ఎటు పోవాలి? మెల్లగా లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నాడు.

“మరి వాళ్ళకేం చెప్పమంటారండీ?” అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

పిన్నిగారు భూతద్దం పక్కన పెట్టి అతని వైపు చూసింది.

“ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు గానీ, నువ్వు వచ్చే శనివారం ఉత్తి చేతులతోనే రా నాయనా, ఆ నలుగురూ ఆట మానేశారని నర్సు నాకు చెప్పి రెండేళ్ళయింది.”