వచ్చే ఏడాది మోడల్

గణేష్‌బాబు షోరూముకి వచ్చింది ల్యాప్‌టాప్ కొనడానికి కాదు. పిల్లని చూడటానికి.

రాజమండ్రి మెయిన్‌రోడ్డులో రెండంతస్తుల ఎలక్ట్రానిక్స్ షోరూము అది. కింద ఫోన్లు, పైన ల్యాప్‌టాప్‌లు. పైన కౌంటర్లో పనిచేసే దుర్గాశ్రీ సంబంధం తెచ్చింది పెళ్లిళ్ల సూరమ్మ. పిల్లకి తెలియకుండా ముందు ఓసారి చూసి రావడం ఇటువైపు ఉన్నదే. నచ్చితే పెద్దవాళ్లు వెళతారు. నచ్చకపోతే పిల్ల నొచ్చుకునే పని లేదు.

గణేష్‌బాబుకి కడియంలో నర్సరీ ఉంది. ముప్పై రెండేళ్లున్నాయి. పెళ్లే కాలేదు. అతను ఫొటోలు చూడడు. ఫోన్లో అందరూ సినిమా తారల్లాగే ఉంటారని అనుమానం. స్వయంగా వెళ్లి చూసిన ప్రతిసారీ, ఇంతకన్నా మంచిది రాకపోతుందా అని ఆగాడు. ఆగుతుంటే సంబంధాలే పలచబడ్డాయి.

"దీనికీ వంక పెట్టావంటే ఇంక నా వల్ల కాదురా" అని తల్లి మాణిక్యాంబ పొద్దున్నే చెప్పేసింది.

మేడెక్కాడు. కౌంటర్ వెనక నీలం యూనిఫారంలో ఒక్కతే అమ్మాయి. చూడగానే గణేష్‌బాబు మెట్లెక్కిన ఆయాసం మరిచిపోయాడు.

కౌంటర్ ముందు ఆకుపచ్చ చుడీదార్‌లో ఇంకో అమ్మాయి ఓ ల్యాప్‌టాప్ మూత తీసి చూస్తోంది. ఈవిడ కాసేపట్లో కొనుక్కుని వెళ్లిపోతుందిలే అనుకుని, గొంతు సవరించుకున్నాడు.

"మంచి ల్యాప్‌టాప్ చూపించండి. మొక్కల ఫొటోలు పై ఊళ్ల వాళ్లకి చూపించాలి. ఎరుపు ఎరుపులా కనబడాలి."

"అయితే ఓఎల్ఈడీ స్క్రీన్ తీసుకోండి సార్" అంటూ కౌంటర్ అమ్మాయి ఒకటి తెరిచింది. తెరమీద మందారం అప్పుడే కోసి పెట్టినట్టుంది.

ధర చూసి గణేష్‌బాబు నవ్వేశాడు. "మూడేళ్ల నుంచి చూస్తున్నానండి. ఇంకా దిగలేదే! వచ్చే ఏడాదికి దిగుతుందంటారా?"

"అంటే సార్... అదీ..." కౌంటర్ అమ్మాయి తడబడింది.

సిగ్గు! గణేష్‌బాబుకి ముచ్చటేసింది.

"దిగదండి" అంది చుడీదార్ అమ్మాయి, తల తిప్పకుండానే.

"మిమ్మల్ని అడగలేదండి."

"అడగలేదు లెండి. తెలుసు కాబట్టి చెప్పాను."

గణేష్‌బాబు కౌంటర్ వైపే చూస్తూ అన్నాడు. "మా నర్సరీలో కొత్తరకం గులాబీ వచ్చిన ఏడాది దాని ధర పట్టుకోలేం. అందరూ అంటు కట్టడం మొదలెట్టాక అడిగేవాడుండడు. ఏదైనా అంతే కదండి?"

జవాబు మళ్లీ పక్కనుంచే వచ్చింది.

"ఎన్నేళ్లయినా గులాబీ అదే గులాబీ అండి. ఇది అలా కాదు. స్క్రీన్ తయారీ చవకైతే, ఆ స్క్రీను మామూలు మోడళ్లలోకి వస్తుంది. వచ్చేసింది కూడా. కానీ పైరకం దానికి ఇంకో కొత్త స్క్రీనో, కొత్త చిప్పో తగిలించి మళ్లీ అదే ధరకి కూర్చోబెడతారు. మీ కన్నేమో ఎప్పుడూ పైరకం మీదే!"

"అంటే వచ్చే ఏడాది ఇంకా మంచిదొస్తుందన్నమాట."

"వస్తుంది. ఆపై ఏడాది ఇంకా మంచిది. మరి మీరు ఇంటికి తీసుకెళ్లేదెప్పుడు?"

కౌంటర్ అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుతో గణేష్‌బాబుకి ఎక్కడలేని హుషారూ వచ్చేసింది.

"తొందరేముందండి? కంటికి పూర్తిగా ఆనేదాకా ఆగుతాను. మీలాంటి తొందర మనుషుల వల్లే ఈ కంపెనీలు బతికేస్తున్నాయి."

"ఈలోగా పనెలాగండి?"

"పక్క నర్సరీ వాళ్లది అడిగి తెచ్చుకుంటాను."

"మూడేళ్లుగానా!"

చుడీదార్ అమ్మాయి మొదటిసారి అతనివైపు పూర్తిగా తిరిగింది. ఎగాదిగా చూసింది. ఇంకేమీ అనకుండా ల్యాప్‌టాప్ మూసేసి, అవతలి బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

పీడ వదిలింది అనుకున్నాడు గణేష్‌బాబు. ఆ తర్వాత మాటలు వాటంతటవే దొర్లాయి. కౌంటర్ అమ్మాయి వాళ్లింట్లో మల్లెపొద మొగ్గ తొడగడం లేదట. ఆకు దూసి, నాలుగు రోజులు నీళ్లు ఆపి చూడమన్నాడు. ఆ అమ్మాయి బుద్ధిగా తలూపింది. అతను బయల్దేరితే మెట్లదాకా వచ్చి, "మళ్లీ రండి సార్" అంది.

కడియం దాకా బండి గాల్లో నడిచింది.

"అమ్మా, ఈ పిల్లే! ఇంకొకళ్లని చూసేది లేదు. ఆగేది అసలే లేదు."

మాణిక్యాంబ తూర్పు తిరిగి దణ్ణం పెట్టి, అన్నవరంలో వ్రతం చేయిస్తానని మొక్కేసి, సూరమ్మకి ఫోన్ కలిపింది. కొడుకు వినాలని స్పీకర్ పెట్టింది.

అవతల సూరమ్మ కాసేపు నసిగింది. "వాళ్లు ఇందాకే ఫోన్ చేశారండి. పిల్ల వద్దందట."

"అదేంటి! ఎందుకట?"

"ఎప్పుడూ వచ్చే ఏడాది దాని కోసం చూసే మనిషితో వేగలేనందటండి."

గణేష్‌బాబు ఫోన్ లాక్కున్నాడు. "సూరమ్మగారూ, పిల్లకి తెలీదన్నారు కదా!"

"చెప్పకుండా ఎలా ఉంటాను బాబూ? ఆ పిల్లకి మాత్రం నిన్ను చూడాలని ఉండదూ?"

"చూస్తే చూసింది! నేనంటే ఇష్టం లేకపోతే అంత నవ్వుతూ మాట్లాడుతుందా? మెట్లదాకా వచ్చి మరీ సాగనంపిందండి!"

"నిన్ను సాగనంపింది కింద ఫోన్ల దగ్గర పనిచేసే పావని బాబూ, మన దుర్గాశ్రీ ఆకుపచ్చ చుడీదార్ వేసుకుని నీ పక్కనే నిలబడింది."