గొట్టంలో బుడగ

“ఏం చేశావమ్మాయ్?” అన్నాడు కమాండరు, ఆమె చేతిలోని గాజు గొట్టాన్ని చూసి.

అంతరిక్ష కేంద్రంలో మరమ్మతులు చూసే ఆ అమ్మాయి గొట్టాన్ని కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసింది. పెట్టె విప్పి నిమిషం కాలేదు. జానెడు గొట్టం నిండా నూనె. ఒక చివర మూత; గాజుతోనే మూసుకుపోయిన రెండో చివర బఠానీ గింజంత గాలి బుడగ.

“జాగ్రత్తగానే తీశాను సార్. గాలెలా చొరబడిందో!”

“కింద కాలేజీలో ఫిజిక్సు మాస్టారు పదకొండేళ్లు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, ప్రయోగానికని పంపించుకున్నది ఇది. ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు. ఇంకోటి పంపరు.”

పెట్టె విప్పి ఉంచండి, ఏం చెయ్యాలో నేనే చెప్తానన్నారు మాస్టారు. ఆయన లైన్లోకి రావడానికి ఇంకా గంటన్నర ఉంది. ఈలోగా బుడగను తీసేస్తే గండం గడిచినట్టే. కానీ బరువన్నదే లేని చోట బుడగ పైకెలా తేలుతుంది? అసలు పైనేది, కిందేది? విదిలించింది, తిప్పింది, తట్టింది. అలిగిన అల్లుడిలా అది ఉన్నచోటే ఉంది.

ఉసూరుమంటూ, మూత ఉన్న చివరను గుప్పిట్లో పట్టుకుని అలాగే ఉండిపోయింది. కాసేపటికి చూస్తే బుడగ గోరంత ఇటు జరిగింది. చెయ్యి తీసింది. బుడగ ఆగింది. మళ్లీ పట్టుకుంది. అదీ బయల్దేరింది.

“సార్, దీనికి వెచ్చదనం కావాలి.”

“చలికాలం పిల్లిలాగానా?”

ఆమె, మూత ఉన్న ఆ చివరను చంకలో పెట్టుకుని, కోడి గుడ్లు పొదిగినట్టు, గాల్లో తేలుతూ గంటసేపు కదలకుండా ఉంది. కమాండరు ఆమె నోటికి నీళ్లు అందించాడు. ఈ వింతనంతా వీడియో కూడా తీశాడు. బుడగ నింపాదిగా నడుచుకుంటూ మూత దాకా వచ్చింది. మూత తిప్పి, సిరంజితో లాగేసింది. గొట్టం కడిగిన ముత్యంలా ఉంది. ఇద్దరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

అంతలో తెర మీద మాస్టారు.

“ఏమ్మా, గొట్టం భద్రమేనా?”

అబద్ధమాడటానికి ఆమెకు నోరు రాలేదు.

“అందులో బుడగ చేరిందండీ. తీసేశాం.”

“తీసేశారా? ఎలా?”

“చంకలో పెట్టుకుంటే వేడికి నడిచొచ్చేసిందండీ. వీడియో కూడా ఉంది.”

మాస్టారు కళ్లద్దాలు తీసి, చాలాసేపు తుడుచుకున్నారు. అప్పుడు నవ్వారు.

“ఆ బుడగను పెట్టింది నేనేనమ్మా, వేడికి నడుస్తుందో లేదో చూద్దామని.”