సున్నా రావాల్సిన చోట

"తప్పు డ్రైవర్‌దే అని రాసిచ్చెయ్. పీడ విరగడవుతుంది!"

మేనేజర్ అరుపు గాజు తలుపు దాటి బయటికి వినిపించింది. కోడ్‌లో తప్పులు పట్టేస్తుందని ఆఫీసంతా 'భూతద్దం' అని పిలుచుకునే ఆవిడ మాత్రం కంప్యూటర్ తెర మీంచి తలెత్తలేదు.

సైటులో ఆగి ఉన్న క్రేన్ ఉన్నట్టుండి గిర్రున తిరిగింది. దానికి వేలాడుతున్న ఇనుప దూలం తగిలి, కింద ఉన్న కుర్రాడు అక్కడికక్కడే పోయాడు. మీట ముట్టుకోలేదంటాడు డ్రైవర్. క్రేన్‌ని తిప్పే కోడ్ వీళ్ల కంపెనీది. అందులో లోపం లేదని తేలిందా, డ్రైవర్‌కి జైలు ఖాయం.

నిజం చెప్పొద్దూ, భూతద్దం కూర్చున్నదీ అలా తేల్చడానికే. ఆ డ్రైవర్ పేరెత్తితేనే ఆవిడకి ఒళ్లు మండేది.

బతిమాలుకోవడానికి ఆఫీసుకొచ్చి, వరండాలో ఎదురుపడ్డాడు వాడు. "ఒట్టు అక్కా, నేను..."

"ఇంకోసారి అక్కా అన్నావంటే పళ్లు రాలగొడతాను!"

వచ్చి మళ్లీ కోడ్ ముందు కూర్చుంది. అందులో లెక్కలు చేసే భాగంలో ఒక ఫంక్షన్ ఉంది. క్రేన్ కోణాన్ని మూడువందల అరవైతో భాగించి శేషం చెప్పడం దాని పని. తొంభై ఇస్తే బుద్ధిగా చెప్పింది. నూట ఎనభై ఇచ్చినా అంతే. ఇదివరకు పరీక్షించిన మహానుభావులు ఇలాంటి నిండు అంకెలే ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

ఆవిడ సున్నాకి వెంట్రుకవాసి తక్కువ ఇచ్చి చూసింది. శేషం సున్నాకంటే తక్కువ, అంటే రుణసంఖ్య అయితే దానికి మూడువందల అరవై కలపాలి. కంప్యూటర్ దాచుకోగల అంకెలు కొన్నే కాబట్టి, అంత చిన్న రుణం ఆ కూడికలో గల్లంతైపోయింది. సున్నా రావాల్సిన చోట, తెర మీద మూడువందల అరవై!

హవ్వ! భాజకమే శేషమా? బడిపిల్లలు కూడా చెయ్యని తప్పు. సున్నా దగ్గర నిలబడ్డ క్రేన్, ఇంకా పూర్తి చుట్టు తిరగాలనుకుని తిరిగింది.

దొరికిందన్న సంతోషం లేదు సరికదా, ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది.

"ఇది బయటపెడితే మనం మునిగిపోతాం," అన్నాడు మేనేజర్. "ఎవరైనా చేస్తారేమో గానీ, నువ్వు వాణ్ణి వెనకేసుకొస్తావని కలలో కూడా అనుకోలేదు!"

ఇంట్లో అమ్మ కంచం విసిరినట్టు పెట్టింది. "ఎవడి కోసమే ఇదంతా? సిగ్గులేదూ?"



విచారణ గదిలో భూతద్దం అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. కంపెనీ లాయరు కస్సున లేచాడు.

"ఆ డ్రైవర్‌తో ఈవిడకి ఏదో ఉందండీ! లేకపోతే ఉద్యోగం పోగొట్టుకునే పని ఎవరు చేస్తారు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజర్ నేలచూపులు చూశాడు. డ్రైవర్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

విచారణాధికారి లాయర్ని కూర్చోమన్నాడు. "ఇంతకీ చనిపోయిన అబ్బాయి తరఫున ఎవరైనా వచ్చారా?"

"నేనే వచ్చానండీ, వాడు నా తమ్ముడు," అంది భూతద్దం.