అమ్మ నడక

"మా అమ్మాయి కాలి జోలికి మాత్రం వెళ్లకండి!" అంటూ తండ్రి కుర్చీలోంచి సగం లేచాడు.

ఎక్స్‌రే చూపించబోతున్న డాక్టరమ్మ చేయి గాల్లోనే ఆగింది. కూతురు తల పట్టుకుంది.

"నాన్నా, ఊరుకో. ముందు ఆవిడ్ని చెప్పనీ."

"దీన్ని బనియన్ అంటారు," అంది డాక్టరమ్మ.

"ఒంటికి వేసుకునేది కాలికి రావడమేంటండీ?"

ఇంకోరోజైతే కూతురు పకపకా నవ్వేది. డాక్టరమ్మే నవ్వేసి, ఎక్స్‌రే మీద వేలు పెట్టింది. "పేరు అలాంటిదే లెండి. ఇదిగో, బొటనవేలి మొదట్లో ఎముక బయటికి తోసుకొచ్చింది. వేలేమో పక్కవేలి మీదికి వాలిపోయింది. పైకి గడ్డలా కనిపించేది ఈ ఎముకే. వెడల్పు చెప్పులు వేసుకుంటే నొప్పి తగ్గుతుంది గానీ వేలు తిన్నబడదు. ఎముకని కోసి, సరైన చోటికి జరిపి, స్క్రూలు బిగిస్తాం. నొప్పి నడవనివ్వకపోతేనే చేస్తాం, ఊరికే చెయ్యం. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా అమ్మకి ఉండేది. అచ్చం ఇలాగే, ఇదే కాలు. పోయి ఏడాది దాటింది," అంది కూతురు.

తండ్రి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

కూతురు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. పొద్దస్తమానం కటింగ్ బల్ల దగ్గర నిలబడే పని. పక్కన రేడియో మోగుతూనే ఉంటుంది. ఈమధ్య సాయంత్రమయ్యేసరికి ఆ గడ్డ నిప్పు మీద పెట్టినట్టు మండుతోంది. వంటింటికి వెళ్లాలంటే కుడికాలు ధప్పున వేసి, ఎడమకాలు జర్రున ఈడ్చుకోవాలి. వాళ్లమ్మ చివరిదాకా నడిచిన నడక అదే.

ఆ నడకే తండ్రిని కుదురుగా ఉండనివ్వడం లేదని ఆమెకి తెలుసు. తన గదిలో పేపరు చదువుకుంటూ ఉన్నట్టుండి గొంతెత్తి, "ఎవరూ? నువ్వేనా?" అని అడుగుతాడు. చేతిలో కత్తెర ఆపకుండానే "నేనే నాన్నా" అంటుంది. అప్పుడు గాని పేజీ తిప్పిన చప్పుడు వినపడదు. పాపం, పోయిన మనిషే వంటింట్లో తిరుగుతున్నట్టు ఉలిక్కిపడుతున్నాడనుకుని, ఆమె గుండె తరుక్కుపోయేది.

ఆపరేషన్ మాటెత్తిన దగ్గర్నుంచీ ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. పడవల్లాంటి వెడల్పు చెప్పులు తెచ్చాడు. వేళ్ల మధ్య పెట్టుకోమని మెత్త తెచ్చాడు. బక్కెట్లో వేణ్ణీళ్లు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టేవాడు. "నువ్వు బల్ల దగ్గరే కూర్చో, వంటింటి పని నేను చూసుకుంటా" అన్నాడు. మర్నాడే, "కూర్చోకమ్మా, కాస్త అటూ ఇటూ తిరుగుతూ ఉండు" అని బతిమాలాడు.

ఓ సాయంత్రం ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"నా నొప్పి కన్నా నీకు అమ్మ నడక ఎక్కువైపోయిందా? ఆ చప్పుడు వినపడితే చాలు, నేనేమైపోయినా పర్లేదా?"

తండ్రి వంటింటి వైపు ఒక చూపు చూశాడు.

ఆమె ఆపరేషన్ చేయించుకుంది.

ఇంటికొచ్చిన మధ్యాహ్నం, కట్టుకట్టిన కాలు రెండు దిండ్ల మీద పెట్టి మంచం మీద పడుకుంది. బాత్రూమ్‌కి తప్ప కాలు కింద పెట్టొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. పక్కింటి అత్తయ్య క్యారియర్ తెచ్చి, మంచం పక్కనే పెట్టి, వీధి తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. తండ్రి వెళ్లి గడియ పెట్టి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇంట్లో వాళ్లిద్దరే. రేడియో లేదు. కత్తెర చప్పుడు లేదు. ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టుంది.

ఆమెకి జాలేసింది. "నాన్నా, ఆవేళ నోటికొచ్చినట్టు అనేశాను. మనసులో పెట్టుకోకు."

"ఛ, ఛ. అదేం లేదమ్మా."

"ఇకమీదట ఈ ఇంట్లో ఆ నడక వినపడదు. నువ్వూ ఉలిక్కిపడక్కర్లేదు. మెల్లమెల్లగా అలవాటవుతుందిలే."

ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని దేనికోసమో కాచుకున్నట్టు కూర్చున్నాడు.

అప్పుడు వంటింట్లోంచి వినిపించింది.

ధప్. జర్ర్.

ఆమె తన కాలు చూసుకుంది. దిండు మీద తెల్లటి కట్టుతో కదలకుండా ఉంది.

ధప్. జర్ర్. పొయ్యి దగ్గర్నుంచి గుమ్మం వైపు.

"నాన్నా... వంటింట్లో ఎవరు?"

తండ్రి అటు తల తిప్పలేదు. ఆమె చేయి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇంట్లో నువ్వు నడుస్తున్నంతకాలం, అది నీ చప్పుడేలే అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి తల్లీ."